నేలమట్టం: ఒక విమానాల ఫ్యాక్టరీని పైనుంచి చదవడం

మన పేపర్లలో ‘విహంగ వీక్షణం’ అనే మాట వరదలొచ్చినప్పుడే కనిపిస్తుంది. ముఖ్యమంత్రి హెలికాప్టర్ ఎక్కుతారు, కిందికి చూస్తారు, మర్నాడు మొదటి పేజీలో ఆయన కిటికీలోంచి చూస్తున్న ఫొటో వస్తుంది. ఆయనకి కనిపించిందేమిటో మాత్రం మనకి పెద్దగా తెలీదు. నేను రాయబోయేది ఆ కనిపించేదాని గురించి. పైనుంచి తీసిన ఫొటోలో ఏముంటుంది, దాన్ని ఎలా చదవాలి, చదివినవాళ్లు దాంతో ఏం చేశారు అని.

ఉదాహరణకి వరద తీసుకోవట్లేదు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ నగరానికి ఉత్తరాన ఫిల్టన్ అనే ఊరుంది. అక్కడ బ్రిస్టల్ ఏరోప్లేన్ కంపెనీ వాళ్ల విమానాల ఫ్యాక్టరీ ఉండేది. ఇంత దూరం ఎందుకు వెళ్లావు అంటే కారణం సింపుల్: ఇమేజ్ ప్రాసెసింగ్ ఎలెక్టివ్ కోసం పాత ఏరియల్ ఫొటోలు వెతుకుతుంటే ‘బ్రిటన్ ఫ్రమ్ అబవ్’ అనే సేకరణ దొరికింది. 1919 నుంచి 1953 దాకా ఏరోఫిల్మ్స్ అనే ప్రైవేట్ కంపెనీ తీసిన 95 వేల ఫొటోలు. ఫ్యాక్టరీ ఓనర్లకి వాళ్ల ఫ్యాక్టరీ ఫొటోనే తీసి అమ్మడం ఆ కంపెనీ వ్యాపారాల్లో ఒకటి. అందుకే ఆ సేకరణ నిండా ఫ్యాక్టరీలే. అందులో ఫిల్టన్ దగ్గర ఆగిపోయాను.

యుద్ధం అయిపోయిన రెండుమూడేళ్లకి తీసిన ఫిల్టన్ ఫొటో చూస్తే ఒక్క ఫ్రేమ్‌లో చాలా కాలాలు కలిసి ఉంటాయి. ఈ కంపెనీ 1910లో ట్రామ్ కంపెనీ షెడ్లలో మొదలైంది. 1930లలో బ్రిటన్ తన వాయుసేనని పెంచుకుంటున్నప్పుడు పెద్ద పెద్ద షెడ్లు లేచాయి, 1936 నాటికి ఫిల్టన్ హౌస్ అనే ఆఫీస్ భవనం వచ్చింది. యుద్ధంలో బ్లెన్‌హైమ్, బ్యూఫైటర్ లాంటి విమానాలు, హెర్క్యులిస్ లాంటి ఇంజిన్లు ఇక్కడ తయారయ్యాయి. యుద్ధం తర్వాత వచ్చింది రన్‌వేకి ఉత్తరాన ఉన్న ఆ పెద్ద హాలు. మూడు హ్యాంగర్లు భుజం భుజం కలిపి నిలబడ్డట్టు ఉంటుంది. గిట్ వాడేవాళ్లకి చెప్పాలంటే, ఈ ఫొటో అన్ని కమిట్లూ కలిసిపోయిన ఫైనల్ ఫోల్డర్. లాగ్ లేదు. ఏ గోడ ఎప్పుడు వచ్చిందో మనమే ఊహించి, వేరే సాక్ష్యంతో సరిచూసుకోవాలి.

చదవడానికి కొన్ని లెక్కలు కావాలి. భయపడకండి, ఇంటర్ లెక్కలే.

ముందు స్కేలు. కెమెరాని సూటిగా కిందికి పెట్టి తీస్తే దాన్ని వర్టికల్ ఫొటో అంటారు. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని విమానం ఎత్తుతో భాగిస్తే స్కేలు వస్తుంది. అర మీటరు ఫోకల్ లెంగ్త్, 5000 మీటర్ల ఎత్తు అనుకోండి, స్కేలు 1:10,000. అంటే ప్రింట్ మీద 1 మిల్లీమీటరు నేల మీద 10 మీటర్లు. యుద్ధం చివర్లోనూ ఆ తర్వాత కొన్నేళ్లూ బ్రిటిష్ వాయుసేన దేశమంతా తీసిన సర్వే ఫొటోలు ఇంచుమించు ఈ స్కేలులోనే ఉంటాయి. ఇందులో ఒక మామూలు ఇల్లు 1 మిల్లీమీటరు. గింజంత కూడా కాదు, ఆవగింజంత. ఏరోఫిల్మ్స్ వాళ్లు ఎక్కువగా వాలుగా, తక్కువ ఎత్తు నుంచి తీశారు. అవి చూడ్డానికి బావుంటాయి, గోడలూ కిటికీలూ కనిపిస్తాయి, కానీ దగ్గరున్నవి పెద్దగా, దూరంగా ఉన్నవి చిన్నగా పడతాయి కాబట్టి స్కేలుతో నేరుగా కొలవలేం.

తర్వాత నీడ. తెలుగులో ‘నేలమట్టం’ అంటే పూర్తిగా కూలిపోవడం కదా. వర్టికల్ ఫొటోలో మాత్రం నిలబడి ఉన్నవన్నీ కూడా నేలమట్టమే! నాలుగంతస్తుల ఆఫీసూ, సిమెంటు చప్టా రెండూ పక్కపక్కన రెండు చతురస్రాలు. తేడా చెప్పేది నీడ ఒక్కటే. సూర్యుడి కోణం తెలిస్తే నీడ పొడవుని ఆ కోణం టాంజెంట్‌తో గుణిస్తే ఎత్తు వచ్చేస్తుంది. ఫిల్టన్ 51.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ డిసెంబర్ నెలాఖర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 15 డిగ్రీలకి మించి లేవడు. 10 మీటర్ల గోడ 37 మీటర్ల నీడ వేస్తుంది. జూన్‌లో అదే గోడ నీడ 5 మీటర్లు దాటి కాస్త. మన హైదరాబాద్‌లో అయితే డిసెంబర్ మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, 9 మీటర్ల లోపే నీడ. అందుకే వాళ్ల శీతాకాలపు ఫొటోల్లో చిన్న గట్టు కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ సంగతి మొదట బాగా పట్టుకున్నది ఆర్కియాలజిస్టులు. ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో విమానంలో కూర్చుని కింద శత్రువుని గమనించే ఉద్యోగం చేశాడు. యుద్ధం అయ్యాక అదే చూపుతో పొలాల్లో పూడిపోయిన ప్రాచీన కోటల గట్లు వెతికాడు. 1928లో అలెగ్జాండర్ కీలర్‌తో కలిసి ఆ ఫొటోల పుస్తకం కూడా వేశాడు. పాత కందకం పూడిపోయిన చోట తేమ ఎక్కువ, కాబట్టి పైరు ఏపుగా పెరిగి ముదురు రంగులో కనిపిస్తుంది. పాత గోడ పునాది మీద పైరు ముందే ఎండి పాలిపోతుంది. మన రైతులకి ఇది కొత్త విషయం కాదు. పొలంలో ఎక్కడ పాత బావి పూడ్చారో పైరు చూసి చెప్పేస్తారు. పైనుంచి చూస్తే ఆ మచ్చలన్నీ కలిసి ఒక ఆకారం అవుతాయి, అంతే తేడా.

మూడోది స్టీరియో. ఇది మన సబ్జెక్ట్. విమానం నేరుగా పోతూ వరసగా ఫొటోలు తీస్తుంది, ఒక్కో ఫొటోలో 60 శాతం దాకా ముందు ఫొటోలో పడిన నేలే మళ్లీ పడేలా. రెండు పక్కపక్క ప్రింట్లని స్టీరియోస్కోప్ కింద పెట్టి చూస్తే (రెండు భూతద్దాలు, నాలుగు తీగ కాళ్లు, అంతే సామాను) షెడ్లు కాగితం మీంచి పైకి లేస్తాయి. ఎత్తుగా ఉన్నది రెండు ఫొటోల మధ్య ఎక్కువ జరుగుతుంది. 5000 మీటర్ల ఎత్తు నుంచి తీసిన 23 సెంటీమీటర్ల ప్రింట్ల మీద 60 శాతం ఓవర్‌ల్యాప్ ఉంటే, 0.2 మిల్లీమీటరు అదనపు జరుగుడు అంటే దాదాపు 11 మీటర్ల ఎత్తు. ల్యాబ్‌లో మనం డిస్పారిటీ మ్యాప్ అని రన్ చేసేది ఇదే. బాలానగర్‌లోని ఎన్.ఆర్.ఎస్.సి.లో చేసే ఏరియల్ మ్యాపింగ్ వెనకున్న సూత్రం కూడా ఇదే.

ఇక యుద్ధం మిగిల్చినవి. యుద్ధం తర్వాతి కొన్నేళ్ల ఫొటోల్లో ఇంగ్లండ్‌లోని విమానాల ఫ్యాక్టరీల చుట్టూ ఏం వెతకాలో చెప్తాను. పైకప్పుల మీద ముదురు, లేత రంగుల వంకర పట్టీలు, అక్కడక్కడా వెలిసిపోయి. అది క్యామొఫ్లాజ్ పెయింట్. ఫ్యాక్టరీని పొలాల్లా, ఇళ్ల వరసల్లా కనిపించేలా చేసే ప్రయత్నం. నాకు ఇందులో నచ్చిన విషయం ఏంటంటే, పెయింట్‌తో వేసిన చెట్ల కంచెకి నీడ ఉండదు. స్టీరియోలో పెడితే లేవదు కూడా. పైలట్‌ని ఆ కొన్ని క్షణాలు తికమక పెట్టొచ్చు గానీ, టేబుల్ దగ్గర తీరిగ్గా కూర్చుని చూసేవాడిని పెట్టలేం. ఆ తర్వాత అగ్నిమాపకం కోసం కట్టిన గుండ్రటి, చదరపు నీళ్ల తొట్లు, పైనుంచి నల్లగా గాజులా మెరుస్తాయి. పూడ్చిన బాంబు గుంతలు, చుట్టూ ఉన్న గడ్డి కన్నా లేత రంగులో గుండ్రటి మచ్చలు. పాత రేకుల మధ్య కొత్త రేకులు వేసిన చోట అతుకుల్లా తెల్ల ముక్కలు. కాస్త దూరంలో విమానాల్ని కూల్చే ఫిరంగుల గుంతలు, ఒక కంట్రోల్ గది చుట్టూ వంపుగా. ఫిల్టన్ ఫ్యాక్టరీకీ బ్రిస్టల్ నగరానికీ కాపలా కాసిన పర్‌డౌన్ గుట్ట మీద అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి.

వీటితో పాటు చిన్న దీర్ఘచతురస్రాలు ఉంటాయి. వరసల్లో, మట్టి కప్పి, పైన గడ్డి మొలిచి. చూడగానే ఏదో ఎరువు దిబ్బలనుకుంటాం. అవి ఎయిర్ రెయిడ్ షెల్టర్లు. షెల్టర్‌కి తెలుగు మాట ఏది వాడాలని క్లబ్ గ్రూప్‌లో అడిగితే ఎవరో ‘తలదాచుకునే చోటు’ అన్నారు. ఇక్కడ ఆ మాట అక్షరాలా సరిపోతుంది. తల దాచుకోవాల్సింది పైనుంచి చూసేవాడి నుంచే కదా.

1940 సెప్టెంబర్ 25, బుధవారం. మధ్యాహ్నం 12 కాకముందే 58 హైన్‌కెల్ బాంబర్లు ఫిల్టన్ మీదికి వచ్చాయి. సైరన్ మోగింది, కార్మికులు మిషన్లు ఆపి షెల్టర్లలోకి వెళ్లారు. చెప్పినట్టే చేశారు. కొన్ని షెల్టర్ల మీదే నేరుగా బాంబులు పడ్డాయి. ఒక్క ఫ్యాక్టరీలోనే 90 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల ఇళ్లలో పోయినవాళ్లు అదనం. మర్నాడే 504 స్క్వాడ్రన్ హరికేన్ ఫైటర్లని ఫిల్టన్‌కి తెచ్చి పెట్టారు, 27న మళ్లీ వచ్చిన బాంబర్లని అవి చెదరగొట్టాయి. రెండు రోజులు ముందు వచ్చి ఉంటే అనుకోకుండా ఉండలేం. చదివిన ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆ బాంబర్ల సిబ్బందికి ఫ్యాక్టరీ ఎక్కడుందో ఎలా తెలుసు? జర్మన్ వాయుసేన దాడులకి ముందు ఫొటోలు తీసి, వాటి మీద లక్ష్యం చుట్టూ గీత గీసి, ఒక్కో భవనానికి గుర్తు పెట్టి ఫైళ్లు తయారు చేసుకునేది. యుద్ధం చివర్లో పట్టుబడ్డ అలాంటి జర్మన్ ఏరియల్ ఫొటోలు చాలావరకు ఇప్పుడు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇవాళ చరిత్రకారులు 1940 నాటి ఇంగ్లండ్ ఊళ్లు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి అవే వాడుతున్నారు. మన ప్రాజెక్టుల్లో బౌండింగ్ బాక్స్ గీసి లేబుల్ పెడతాం చూడండి. ఆ జర్మన్ ప్రింట్లని చూసినప్పుడు నాకు వెంటనే తట్టింది అదే. ఇది అనొటేటెడ్ డేటా. ఎవరో శ్రద్ధగా, చక్కటి గీతతో గీశారు.

ఇటువైపు వాళ్లు కూడా అదే పని చేశారు. మెడ్‌నమ్ అనే ఊళ్లో, థేమ్స్ నది ఒడ్డున డేన్స్‌ఫీల్డ్ హౌస్ అనే భవంతిలో బ్రిటిష్ ఫొటో ఇంటర్‌ప్రెటేషన్ కేంద్రం నడిచింది. అందులో శత్రు విమానాలూ విమానాల ఫ్యాక్టరీలూ చూసే విభాగానికి హెడ్ కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్. యుద్ధానికి ముందు ఆవిడ విమానాల పత్రికకి వ్యాసాలు రాసేది. 1943 చివర్లో పీనెముండ ఫొటోల్లో ఒక ర్యాంపు మీద చిన్న సిలువ లాంటి ఆకారం చూసి, అది పైలట్ లేని వి-1 బాంబు అని పట్టుకుంది ఆవిడే. అక్కడ ఆర్కియాలజిస్టులు కూడా పని చేశారు. కేంబ్రిడ్జ్‌లో మొదటి మహిళా ప్రొఫెసర్ డొరొతీ గారడ్ అందులో ఒకరు. గ్లిన్ డేనియల్ అనే ఇంకో ఆర్కియాలజిస్ట్‌ని ఇదే పనికి మన దేశానికే పంపారు. పూడిపోయిన కోటలు వెతికే కళ్లు ఫ్యాక్టరీలు వెతికాయన్నమాట.

ఏరోఫిల్మ్స్ సంగతి ఇంకా విచిత్రం. దాని సోదర సంస్థ ఎయిర్‌క్రాఫ్ట్ ఆపరేటింగ్ కంపెనీకి వెంబ్లీలో ఒక స్విస్ మిషన్ ఉండేది, వైల్డ్ ఏ-5 అని. స్టీరియో ఫొటోల నుంచి ఖచ్చితమైన కొలతలు తీసే మిషన్ అది. యుద్ధం మొదలయ్యాక సైన్యానికి అది అవసరమైంది. చివరికి 1940లో ఆ సంస్థ మొత్తాన్ని, మనుషులతో సహా, ప్రభుత్వం తీసుకుంది. యుద్ధం అయ్యాక ఏరోఫిల్మ్స్ మళ్లీ మామూలు వ్యాపారంలోకి వచ్చి, ఫిల్టన్ మీద ఎగిరి, కొత్తగా లేస్తున్న హాలు ఫొటోలు తీసింది. విమానం, కెమెరా, చూసే పద్ధతి అన్నీ పాతవే. కింద ఉన్నవాళ్లు ఈసారి తల దాచుకోనక్కర్లేదు.

ఆ హాలు ఎందుకంటే బ్రాబజాన్ అనే విమానం కోసం. యుద్ధం మధ్యలోనే, తర్వాత ఎలాంటి ప్రయాణికుల విమానాలు కావాలో ఆలోచించడానికి లార్డ్ బ్రాబజాన్ అధ్యక్షతన కమిటీ వేశారు. దాని సిఫార్సుల్లో పెద్దది, లండన్ నుంచి న్యూయార్క్‌కి ఆగకుండా ఎగిరే విమానం. రెక్కల పొడవు 70 మీటర్లు, మొదటి తరం జంబో జెట్ కన్నా 10 మీటర్లు ఎక్కువ. ఇందాకటి స్కేలులో 7 మిల్లీమీటర్లు. పిస్టన్ ఇంజిన్లు 8. 1949 సెప్టెంబర్ 4న మొదటిసారి ఎగిరింది. కానీ 1952లో కామెట్ జెట్ ప్రయాణికుల్ని ఎక్కించుకోవడం మొదలెట్టింది. బ్రాబజాన్‌ని ఒక్క విమానయాన సంస్థ కూడా కొనలేదు, టికెట్ కొన్న ఒక్క ప్రయాణికుడూ ఎక్కలేదు. 1953లో తుక్కు కింద కోసేశారు. హాలు మాత్రం బాగా పనికొచ్చింది. బ్రిటన్‌లో తయారైన కాంకార్డ్‌లన్నీ అందులోనే బిగించారు. మొదటిది 1969 ఏప్రిల్ 9న అక్కడినుంచే లేచింది.

ఈ కంపెనీ ఖాళీగా ఉండకుండా కార్లు కూడా చేసింది, అల్యూమినియం రెడీమేడ్ ఇళ్లు కూడా చేసింది. బాంబుల్లో ఇళ్లు పోయినవాళ్లకి విమానాల ఫ్యాక్టరీలు ఇళ్లు చేసిపెట్టాయి. ఇది వేరే వ్యాసం.

నేను ఎక్కువసేపు చూసింది మాత్రం ఫ్రేమ్‌లో పడమటి అంచు. బ్రాబజాన్ బరువుకి యుద్ధకాలపు రన్‌వే చాలదు. దాన్ని పడమరకి పొడిగించి, వెడల్పు చేసి, దాదాపు 2,450 మీటర్లకి తెచ్చారు. ఆ దారిలో చార్ల్‌టన్ అనే చిన్న పల్లె ఉంది. ఖాళీ చేయించి కూల్చేశారు. బాంబులు వేసింది ఫ్యాక్టరీ మీద, పల్లె మిగిలింది. శాంతి వచ్చాక పల్లె పోయింది. ప్రాజెక్టుల కింద ఊళ్లు పోవడం మనకి తెలియనిది కాదు. శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు పాత గుళ్లు బయటపడితే చూడ్డానికి వెళ్తాం. కాంక్రీట్ కింద పోయిన ఊరు అలా కూడా బయటపడదు. వర్టికల్ ఫొటోలో ఆ ఇళ్లు 1 మిల్లీమీటరు చొప్పున కొన్ని మచ్చలు, వాటి వెనక పెరళ్లు, ఒక వంపు తిరిగిన రోడ్డు. తర్వాతి ఫొటోలో తెల్లటి పట్టీ. ఈసారి అసలు అర్థంలోనే నేలమట్టం, దానికి నీడ కూడా లేదు.

ఈ రెండు ఫొటోల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి తేడా తీయాలంటే మాత్రం ఓపెన్‌సీవీలో ఉన్నదున్నట్టు పనిచేయదని ముందే చెప్తున్నా. ఫీచర్ మ్యాచింగ్‌కి ఒకేలా ఉన్నవి కావాలి. ఇక్కడ దాదాపు ఏదీ ఒకేలా లేదు, నీడలతో సహా. చేత్తో పాయింట్లు పెట్టుకోవాలి. రైలు పట్టాలు, చర్చి, పాత రోడ్ల కూడళ్లు లాంటి మొండి వస్తువులు ఎంచుకోండి. వాలుగా తీసిన ఫొటోకి హోమోగ్రఫీ నేల వరకే సరిపోతుంది, షెడ్లు పక్కకి ఒరుగుతాయి.

ఇంకో జాగ్రత్త. ఫొటో అబద్ధం చెప్పదనుకోవద్దు. యుద్ధం తర్వాత బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే, ఏరియల్ ఫొటోలు అతికించి మొజాయిక్ మ్యాపులు వేసి అమ్మింది. ఆ తర్వాత వాటిలో రహస్యంగా ఉంచాల్సిన స్థలాలు కనిపిస్తున్నాయని వెనక్కి తీసుకుని, ఆ చోట్ల పొలాలో మేఘాలో గీసి మళ్లీ విడుదల చేసింది. 1940లలో ఫొటోషాప్! యుద్ధంలో రేకుల మీద పెయింట్ వేశారు, తర్వాత ఏకంగా ప్రింట్ మీదే వేశారు. డేటాసెట్‌లో ఇలాంటి షీట్ వస్తే మన మోడల్ చక్కగా ‘పొలం’ అని 0.9 కాన్ఫిడెన్స్‌తో చెప్తుంది. పట్టుకోవాలంటే మళ్లీ ఇందాకటి పాఠమే. గీసిన కంచె నీడ చూడండి, సూర్యుడు మిగతా షీట్‌లో ఏ వైపు ఉన్నాడో దానితో పోల్చండి.

ఫిల్టన్ ఎయిర్‌ఫీల్డ్ 2012 డిసెంబర్‌లో మూసేశారు. అక్కడ ఇప్పుడు బ్రాబజాన్ పేరుతో కొత్త కాలనీ లేస్తోంది, పక్కనే చార్ల్‌టన్ హేస్ అనే ఇంకోటి. రన్‌వే కిందికి పోయిన పల్లె పేరు అలా మళ్లీ మ్యాపులోకి ఎక్కింది. ఎగిరిన కాంకార్డ్‌లలో చివరిది అక్కడి మ్యూజియంలో ఉంది.

ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక చిన్న ఎక్సర్‌సైజ్. గూగుల్ ఎర్త్‌లో ఫిల్టన్ తెరిచి, అక్కడినుంచి ఆగ్నేయంగా పర్‌డౌన్ గుట్ట మీదికి రండి. పొడుగాటి కాంక్రీట్ టెలికం టవర్ ఉంటుంది, దాని దగ్గర్లో గడ్డిలో ఫిరంగి గుంతలు. పాత తేదీల స్లైడర్ జరుపుతూ టవర్ నీడ బాగా పడిన ఫొటో ఒకటి ఎంచుకోండి. నీడ పొడవు కొలవండి. ఫొటో తేదీ ఉంటుంది కానీ టైమ్ ఉండదు, కాబట్టి నీడ ఏ దిక్కుకి పడిందో చూసి టైమ్ కనుక్కోండి, టైమ్ నుంచి సూర్యుడి కోణం, కోణం నుంచి ఎత్తు. గుట్ట వాలుగా ఉంటుంది కాబట్టి కొన్ని మీటర్లు తేడా వస్తుంది, కంగారు పడొద్దు. జవాబు వచ్చినవాళ్లు క్లబ్ గ్రూప్‌లో పెట్టండి, తేదీ కూడా రాయండి.